గడప దగ్గర కుర్చీ

కొండాపూర్,
ఆదివారం రాత్రి.

బుజ్జమ్మా,

నువ్వు పంపిన ఫైలు చూశాను. మళ్ళీ కరోనా లాంటిది వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలని మీ నల్లగండ్ల వృద్ధుల హోమ్ వాళ్ళు అనుకోవడం మంచి పని. అందులో పెద్దవాళ్ళ కాలక్షేపం పేజీ నీ వంతుకు వచ్చిందని, రెండు రోజుల్లో ఇవ్వాలని రాశావు. మాస్కులు, టెస్టులు, ఆక్సిజన్ సిలిండర్ల పేజీలు మీ డాక్టరుగారు రాస్తారు. వాటికి లెక్కలున్నాయి, కొలతలున్నాయి. కష్టమైన పేజీ నీదే. పైకి సులువుగా కనిపిస్తుంది గనక ఎవరూ దాని గురించి ఆలోచించరు.

హౌసీ, భజన, కుర్చీలో యోగా, పాత సినిమా, వారానికి రెండు వీడియో కాల్స్ అని రాశావు. ఇందులో కొట్టేయాల్సింది ఏమీ లేదు. మా హోమ్‌లో మేమూ ఇవన్నీ చేశాం. కానీ వీటన్నిటికీ పైన ఒక మాట ఉండాలి. అది లేకపోతే కింది జాబితా అంతా వృథా. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని కూర్చుని రాస్తున్నాను. ఆ మాట నాకు 2020లో ఒక మామ్మగారి గదిలో తెలిసింది. అక్కడికి వస్తాను.

అప్పుడు నువ్వు ఖమ్మంలో మీ అమ్మ దగ్గర ఉన్నావు. ఇక్కడ ఎలా ఉండేదో నీకు తెలీదు. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసని చెప్పారు. దుబాయ్ వెళ్ళొచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి, గాంధీలో ఉన్నాడన్నారు. రెండు రోజులకే మాదాపూర్ రహేజా మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగికి అనుమానమని బిల్డింగ్ ఖాళీ చేయించారు. తర్వాత పుణె నుంచి లేదని రిపోర్టు వచ్చింది గానీ, ఈలోగా ఈ ఐటీ కారిడార్ అంతా భయం పాకిపోయింది. అర్ధరాత్రి కూడా బండ్లు ఆగని రోడ్డు మీద మా వాచ్‌మన్ చీపురు చప్పుడు వినిపించే రోజులు వచ్చాయి.

అదే వారం మా దగ్గరున్న ఒక తాతగారి కొడుకు రెడ్‌మండ్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళ పక్క ఊరు కర్క్‌లాండ్‌లో లైఫ్ కేర్ సెంటర్ అని నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడ పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోతున్నారనీ, పిల్లలు బయట కిటికీ దగ్గర నిలబడి అద్దంలోంచి అమ్మానాన్నలను చూస్తూ ఫోన్లో మాట్లాడుతున్నారనీ చెప్పాడు. "సిస్టర్, గేటు మూసేయండి. నన్ను కూడా రానివ్వకండి" అన్నాడు. మార్చి 13న అమెరికా ప్రభుత్వం అక్కడి నర్సింగ్ హోమ్‌లన్నిటికీ బంధువులను రానివ్వద్దని చెప్పింది. మేమూ ఆ రోజుల్లోనే గేటు మూశాం. మూయడం తప్పని ఇప్పటికీ అనను. గేటుతో పాటు గదుల తలుపులు కూడా మూశాం. అది తప్పు.

ఆ ఏడు ఉగాది మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. శార్వరి నామ సంవత్సరం. "శార్వరి అంటే రాత్రి సిస్టర్" అన్నారు పన్నెండో గది మాస్టారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడుగా చేసి రిటైరైన మనిషి. పచ్చడికి మామిడికాయ దొరకలేదు. వేపపువ్వు మాత్రం మా కాంపౌండ్ చెట్టుకి కావలసినంత. చిన్న స్టీలు గిన్నెల్లో గదిగదికీ పంపాం. ముప్ఫై నాలుగు మంది ముప్ఫై నాలుగు చోట్ల ఒంటరిగా తిన్నారు. మాస్టారు పంచాంగం తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, వినడానికి ఎవరూ లేరు. ఆయన గదిలోంచి ఖాళీ గిన్నె తీసుకుని వచ్చేశాను. ఒక్క నిమిషం నిలబడి రాశిఫలం చదవమని అడగలేదు. ఇంకా పన్నెండు గదులు తిరగాలి మరి.

తర్వాత నెల రోజులు చెబుతాను. దూరదర్శన్‌లో మార్చి 28 నుంచి రామాయణం మళ్ళీ వేశారు కదా, వరండాలో నడుస్తుంటే ప్రతి తలుపు వెనక అదే వినిపించేది. భోజనం పళ్ళేలు సగం సగం తిరిగొచ్చేవి. ఎప్పుడూ నాతో వాదించే ఆయన "అలాగేనమ్మా" అనడం మొదలుపెట్టారు. ఒక తాతగారు రాత్రి రెండింటికి సంచీ సర్దుకుని గేటు దగ్గర నూజివీడు బస్సు కోసం నిలబడ్డారు. నెలాఖరుకి బరువులు చూస్తే చాలామంది తగ్గారు. మా గేటు దాటి వైరస్ ఇంకా లోపలికి రాలేదు బుజ్జమ్మా. అయినా మనుషులు నీరసించిపోతున్నారు.

మేమేమీ చేయకుండా కూర్చోలేదు. ఇంటర్‌నెట్‌లోంచి రంగులు వేసుకునే బొమ్మలు ప్రింట్ తీసి పంచాం. కాకినాడ మామ్మగారు ఆ కాగితాన్ని చూసి, "ఎనభై రెండేళ్ళొచ్చాక నెమలికి రంగులేయమంటావా?" అని దాన్ని బోర్లా తిప్పి పక్కన పెట్టారు. ఆవిడ పెద్ద సంసారం నడిపిన మనిషి. రోజుకి ఇరవై విస్తళ్ళు లేచిన ఇల్లు.

మా ఎదురుగా అబ్బాయిల హాస్టల్. మార్చి ఆఖర్లో హాస్టళ్ళు మూసేస్తున్నారని పిల్లలంతా ఊళ్ళకి బయల్దేరి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర నిలిచిపోయారు, గుర్తుందా? ఒక అబ్బాయి మాత్రం బయల్దేరలేదు. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా, అంత దూరం ఎలా వెళ్ళాలో తెలీక ఉండిపోయాడు. మెస్ వంటవాళ్ళు వెళ్ళిపోయారు. ఒక ఇండక్షన్ పొయ్యి, రెండు గిన్నెలు. ఒక రోజు మా గేటు బయట నిలబడి వాచ్‌మన్‌ని అడిగాడు, "అన్నా, చారు ఎలా పెడతారు?" అని. వాచ్‌మన్ వచ్చి నన్ను అడిగాడు. నేనప్పుడు మామ్మగారికి బీపీ చూస్తున్నాను. ఆవిడ చేతికి పట్టీ ఉండగానే, "ఆ పిల్లాడికి ఫోను కలుపు" అన్నారు.

"చింతపండు ఎంత తీశావు? నిమ్మకాయంతా? అంతెందుకు నాయనా, ఉసిరికాయంత చాలు. వేణ్ణీళ్ళలో వేశావా? ఇంగువ ఉందా? లేకపోతే నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టు. పచ్చివాసన పోయేదాకా పులుసు మరగనీ. పొడి వేశాక మాత్రం ఒక్క పొంగు, అంతే, దించెయ్. పోపు ఆఖర్న."

మర్నాడు పదిన్నరకల్లా ఆవిడ స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చున్నారు. "పదకొండుకి పిల్లాడు చేస్తాడు, వంకాయలు తెచ్చుకుంటానన్నాడు" అని నాకు చెప్పారు. మధ్యాహ్నం పళ్ళెం తీసుకెళ్తే, "వాడు తిన్నాడో లేదో కనుక్కో, తర్వాత పెట్టు" అన్నారు. వాడు తిన్నాడు. ఉప్పెక్కువైందట. ఎలా సరిచేయాలో చెప్పాకే ఆవిడ అన్నంలో చేయి పెట్టారు. ఆ రోజు పళ్ళెం ఖాళీగా వచ్చింది.

అంతకు ముందు నెలంతా మేం ఆవిడకి బొమ్మలు, టీవీ, బిస్కెట్లు ఇస్తూ వచ్చాం. ఆ పిల్లాడు ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ దగ్గర ఉన్నది, తనకు నిజంగా కావలసినది అడిగాడు. వాళ్ళతో ఎవరికైనా పనుండాలి. నీ పేజీలో మొదటి వాక్యంగా ఇది రాయి. హౌసీ, భజన దీని కిందకి రానీ.

ఆ రాత్రి నేనొక నోటుబుక్కు తీశాను. గది నంబరు, దాని ఎదురుగా "ఈ మనిషితో ఎవరికి ఏం పని?" అన్న ప్రశ్న. ముప్ఫై నాలుగు గదులకీ జవాబు రాయడానికి పదిహేను రోజులు పట్టింది. బ్యాంకు ఉద్యోగం చేసిన ఆయనకి మా ఆయమ్మల పాస్‌బుక్కులు, ఇంటికి డబ్బు పంపే ఫారాలు. కుట్టు వచ్చిన ఆవిడకి సిబ్బంది మాస్కులు, పాత నూలు చీర రెండు మడతలు వేసి. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం ఒక ఆయమ్మ పక్కన ఉండాలి. అన్నిటికంటే కష్టమైంది మంచం దిగలేని ఒకావిడది. ఆమెతో ఎవరికేం పని ఉంటుంది? రెండు రోజులు ఆలోచించి మంచాన్ని కిటికీ వైపు తిప్పించాను. అక్కడి నుంచి గేటు కనిపిస్తుంది. కూరగాయల బండి వస్తే ఆవిడ గంట కొట్టాలి. వంటగదిలో ఎవరికీ బండి కనిపించదు గనక ఆ గంట నిజంగానే కావాలి. ఒకసారి నిద్రపోయి బండి తప్పిస్తే ఆ పూట మేం కూర లేకుండా పచ్చడితో తిన్నాం. ఆవిడ చాలా బాధపడింది. నాకది మంచి బాధ అనిపించింది.

దొంగ పని మాత్రం పెట్టకు. మా వాళ్ళు ఒకసారి తువాళ్ళు మడత పెట్టించి, లోపలికి తీసుకెళ్ళి విప్పి, మళ్ళీ తెచ్చి ఇచ్చారు. రెండో రోజే పట్టేశారు. పట్టుకున్న ఆవిడ ఏమీ అనలేదు, తర్వాత మాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇక గడపల సంగతి. మే నెలలో తలుపులు తీశాం. ఎవరి గడప దగ్గర వాళ్ళ కుర్చీ, ముఖానికి మాస్కు, వరండాకి రెండు చివరలా కిటికీలు బార్లా తెరిచి, ఏసీలు ఆపి. సాయంత్రం నాలుగున్నరకి టీ తాగాక ఓ ముప్పావు గంట. హాల్లో గుంపుగా కూర్చోబెట్టడం కంటే ఇది ఎంతో మేలు. మూసిన గదుల్లో ఈ రోగం గాలిలోనే నిలిచి పాకుతుందని అప్పట్లో మాకు సరిగ్గా తెలీదు. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ జాడీలను మూడేసి రోజులు గేటు దగ్గర ఎండబెట్టాం, హాలు కిటికీలు మాత్రం వేసే ఉంచాం. జాడీలకి అంత భయపడనక్కర్లేదు. మీ కిటికీలు తెరుచుకుంటాయో లేదో రేపే వెళ్ళి చూడు. కొత్త బిల్డింగుల్లో అద్దాలు బిగించేస్తున్నారు.

ఆ రోజుల్లో భయపడి పేపరు మాన్పించారు చాలామంది. మా హోమ్ కూడా కొన్నాళ్ళు మాన్పించింది. పేపరు లేకుండా మాస్టారుకి తెల్లారదు. నా ఫోన్లో ఆ రోజు పేపరు తీసి ఇచ్చి, "గడపల దగ్గర అందరికీ వినబడేట్టు చదవాలి, చెవులు వినపడని వాళ్ళు నలుగురున్నారు" అన్నాను. ముప్ఫై అయిదేళ్ళు వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు, మైకు అక్కర్లేకపోయింది. కేసుల లెక్క ఒక్కసారే చదవాలని, తర్వాత జిల్లా వార్తలు చదవాలని వాళ్ళలో వాళ్ళే నిబంధన పెట్టుకున్నారు. ప్రభవ సంవత్సరంలో పుట్టానని లెక్క చెప్పే తొంభై ఏళ్ళు దాటినావిడ ఎన్నడూ గది దాటి ఎరగదు, ధరల పట్టికలో పసుపు క్వింటాలు ధర వినడానికి కుర్చీ వేయించుకునేది. వాళ్ళది నిజామాబాద్ వైపు.

ఫోన్ల దగ్గర నువ్వు "వారానికి రెండు వీడియో కాల్స్" అని రాసి ఊరుకున్నావు. ఈ సైబరాబాద్ హోమ్‌లలో చాలామంది పిల్లలు అమెరికాలోనే ఉంటారు గనక వేళ నుంచి మొదలుపెట్టు. మన ఉదయం ఎనిమిదికి న్యూజెర్సీలో రాత్రి పదిన్నర, డాలస్‌లో తొమ్మిదిన్నర, రెడ్‌మండ్‌లో ఏడున్నర. అంటే మన ఇడ్లీ వేళ వాళ్ళకి తీరిక వేళ. అది వేసవి లెక్క. నవంబర్‌లో మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు.

ఇది నాకెలా తెలిసిందో చెబుతాను. 2020 నవంబర్ 2, సోమవారం. ఒకావిడకి డాలస్ నుంచి కొడుకు రోజూ సరిగ్గా ఎనిమిదికి చేసేవాడు. ఆవిడ ఏడున్నరకే బొట్టు పెట్టుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదైంది. ఎనిమిదింపావు. ఫోను తిప్పి వెనకవైపు చూసింది. కొంగుతో తుడిచింది. ఎనిమిదిన్నరకి "చార్జింగ్ ఉందా సిస్టర్?" అంది. ఉంది. ఎనిమిది నలభైకి, "అక్కడ వాళ్ళందరికీ బాగానే ఉందంటావా?" అంది. అప్పటికి రోజూ అమెరికా చావుల లెక్కలు వింటున్నాం. తొమ్మిదికి ఫోను మోగింది, ఆ అబ్బాయికి అది రోజూ చేసే తొమ్మిదిన్నరే. ఆవిడ మామూలుగానే మాట్లాడింది. ఇడ్లీ మాత్రం ముట్టలేదు, ఆ పూట బీపీ దిగలేదు. ఆ గంట మేం తప్పించగలిగేవాళ్ళం. మార్చిలో రెండో ఆదివారం, నవంబర్‌లో మొదటి ఆదివారం, ఆ రెండు తేదీలూ గోడ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టు. ముందు రోజే పెద్దవాళ్ళకి చెప్పు.

ఫోను చేతికిచ్చి వెళ్ళిపోకు. స్టాండు మీద కంటి ఎత్తున పెట్టు, వెలుతురు వాళ్ళ ముఖం మీద పడనీ, చెవి మిషన్ పెట్టుకున్నారో లేదో చూడు. మొదటి రెండు నిమిషాలు పక్కన కూర్చుని తర్వాత దూరం జరుగు. మతిమరుపు బాగా ముదిరిన వాళ్ళకి తెర మూలన కనబడే తమ ముఖమే భయం. "ఎవరావిడ, నన్నే చూస్తోంది" అంటారు. అక్కడ చిన్న కాగితం అంటించు. కొందరికి బొమ్మ లేకుండా గొంతు ఒక్కటే నయం. వారానికి గంటసేపు మాట్లాడే కంటే రోజూ అయిదు నిమిషాలు మేలు.

పిల్లలకి కూడా నేర్పాలి. తిన్నావా, మందులేసుకున్నావా, జాగ్రత్తగా ఉండు. ఈ మూడూ అయ్యాక ఇటూ అటూ మౌనం. ఏదైనా అడగమని చెప్పు. గుత్తి వంకాయలో కొబ్బరి వేస్తారా, మన ఊరి చెరువు పేరేంటి, తాతయ్య ఉద్యోగం ఏ ఊళ్ళో మొదలైంది. అబద్ధానికి అడగొద్దు, తెలియనిదే అడగాలి.

ముప్ఫై నాలుగు మందిలో ఆరుగురికి ఫోన్ చేసేవాళ్ళే లేరు. ఇళ్ళ నుంచి పని చేస్తున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామంది ముందుకొచ్చారు, మంచి మనసుతోనే వచ్చారు. నేనొకటే షరతు పెట్టాను. అదే మనిషి, అదే వేళ, కనీసం మూడు నెలలు. కుదరకపోతే మొదలే పెట్టొద్దు. నాలుగు రోజులు చేసి మానేసిన గొంతు కోసం ఒక తాతగారు నెల రోజులు ఎదురుచూడటం చూశాక పెట్టిన షరతు అది. ఇళ్ళల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ గురించి ఎవరైనా మిమ్మల్ని అడిగితే 14567 నంబరు ఇవ్వు. ఎల్డర్ లైన్. ఇప్పుడు దేశమంతా ఉంది గానీ, 2017లో మన హైదరాబాద్‌లోనే టాటా ట్రస్ట్స్, విజయవాహిని కలిసి మొదలుపెట్టారు.

నీ ఫైల్లో ఆయమ్మల గురించి ఒక్క వాక్యం లేదు. పెద్దవాళ్ళకి ఆ రోజుల్లో మిగిలిన లోకమే వాళ్ళు. మా వాళ్ళు ఆరుగురు నలభై రోజులు ఇంటికి పోకుండా డైనింగ్ హాల్లో పడుకున్నారు. వాళ్ళ పిల్లలతో మాట్లాడుకునే వేళ కూడా నీ పట్టికలో ఉండాలి. ఏడుపు దిగమింగుకున్న మనిషి చేత పెద్దవాళ్ళని నవ్వించాలనుకోవడం అన్యాయం.

పీపీఈ కిట్లు వేసుకున్నాక ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఒకావిడ నన్ను చూసి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఎబోలా రోజుల్లో లైబీరియాలో మేరీ బెత్ హెఫర్నన్ అనే అమెరికా కళాకారిణి వైద్యుల నవ్వు ముఖాల ఫొటోలు కిట్ల మీద అంటించే ఏర్పాటు చేసిందని చదివి, మేమూ అలాగే చేశాం. ఫొటో కింద మాస్టారు తన చేతిరాతతో పేర్లు రాశారు, అరచేయంత అక్షరాలు.

పెద్ద వయసులో ఈ రోగం జ్వరంతోనే రావాలని లేదు. ఉన్నట్టుండి తికమక, అన్నం వద్దనడం, తూలిపడడం, ఇలా కూడా వస్తుంది. మా రెండో గది మామ్మగారికి ఆయమ్మను రోజూ ఏదో ఒకటి అనడం అలవాటు. దుప్పటి సరిగ్గా మడవలేదనో, కాఫీ చల్లారిందనో. ఒక పొద్దున ఏమీ అనలేదు. ఆయమ్మ పరుగెత్తుకొచ్చి "మామ్మ నన్ను తిట్టలేదు సిస్టర్" అంది. వేలికి ఆక్సిమీటర్ పెడితే 87. ఆవిడ బతికింది. ఒంట్లో వేడి చూసే మిషన్ ఆ పొద్దున ఏమీ చెప్పలేదు.

ఆస్పత్రికి పంపేటప్పుడు ఒక సంచీ సిద్ధంగా ఉండాలి ప్రతి గదిలో. కళ్ళద్దాలు, చెవి మిషన్, పళ్ళ సెట్టు, చార్జర్, ఒక కాగితం. కాగితం మీద మందుల కంటే పైన, ఆ మనిషిని ఏమని పిలిస్తే పలుకుతారో రాయి.

చావుల గురించి కూడా రాయాలి, ఎవరూ రాయమనరు గానీ. ఆ జులై, ఆగస్టుల్లో మా దగ్గర ముగ్గురు పోయారు. మిగతా వాళ్ళు బెంగపెట్టుకుంటారని చెప్పలేదు. "కొడుకు దగ్గరికి వెళ్ళారు" అన్నాం. కుర్చీ తీసేశాం. విమానాలు లేక కొడుకులు కూతుళ్ళు ఫోన్లోనే దహనం చూశారు, ఆ ఫోను పట్టుకున్నది నేనే.

ఆగస్టు 5న గాయకుడు ఎస్పీ బాలుగారు కరోనాతో చెన్నై ఆస్పత్రిలో చేరారని తెలిసిన దగ్గర్నుంచీ గడపల దగ్గర రోజూ మొదటి వార్త ఆయనదే. సెప్టెంబర్ 25 శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పోయారు. టీవీలు కట్టేయమని మా పైవాళ్ళు చెప్పారు. నేను కట్టలేదు. ఆ సాయంత్రం పేపరు చదవలేదెవరూ. ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకరు. కాసేపటికి మాస్టారు ఖాళీగా ఉన్న తొమ్మిదో గది గడప వైపు చూసి, "ఆయన కూడా పోయాడు కదా సిస్టర్?" అన్నారు. అవునన్నాను. "మాకు తెలుసు" అన్నారు. బాలుగారి పేరు మీద ఆ సాయంత్రం వాళ్ళు మేం దాచిన ముగ్గురి కోసం ఏడ్చారు. అప్పటి నుంచి ఎవరు పోయినా అదే రోజు చెప్పాం. గడప దగ్గర దీపం పెట్టాం. కుర్చీ పది రోజులు తీయలేదు. చెప్పినందుకు ఎవరికీ ఏమీ కాలేదు బుజ్జమ్మా. రాత్రుళ్ళు ఒకరి గది తలుపు ఒకరు తట్టి "బాగున్నారా" అని అడగడం మొదలైంది, అంతే.

బాలుగారు పోయిన రోజే దుర్గం చెరువు మీద కేబుల్ వంతెన ప్రారంభించారు. ఆ దీపాలు కూడా టీవీలో చూశారు. మా ఇంటికి ఇంత దగ్గర్లో ఉంది, చూపించమని ఆరు నెలలు అడిగారు. 2021 మార్చి 1 నుంచి అరవై దాటిన వాళ్ళకి టీకా మొదలయ్యాక, మొదటి డోసు వేయించుకుని వచ్చిన వాళ్ళని ఒక సాయంత్రం వ్యాన్లో ఎక్కించి, కిటికీలు తీసి, వంతెన మీద రెండుసార్లు ఇటూ అటూ తిప్పాం. దిగలేదెవరూ. హాస్టల్ పిల్లాడు బైకు మీద వ్యాను వెనకే వచ్చాడు. మామ్మగారు కిటికీలోంచి వాణ్ణి చూసి, "ఇంత పొడుగా వీడు!" అన్నారు. సంవత్సరం పాటు రోజూ మాట్లాడుకున్నా గేటు బయట ఒక టోపీలాగే కనబడేవాడు ఆవిడకి.

నెల తిరక్కుండా రెండో విడత వచ్చింది. అది మొదటిదాని కంటే ఘోరం. ఆ కథ ఇంకోసారి. కానీ ఈసారి తలుపులు మూయలేదు. నోటుబుక్కు అప్పటికే నిండి ఉంది.

ఇంకొక్కటి. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో బడి పాఠాలు వేయడం మొదలుపెట్టారు కదా. నారాయణపేట వైపు నుంచి వచ్చిన మా ఆయమ్మ కూతురు తొమ్మిదో తరగతి. టీవీలో పాఠం వినిపిస్తుంది గానీ, అర్థం కాకపోతే టీవీని అడగలేదు. మాస్టారు రోజూ ఆరింటికి ఆ అమ్మాయికి ఫోన్లో సంధులు, సమాసాలు చెప్పారు. వారంలో ఆ వాడలో ఇంకో అయిదుగురు స్పీకరు చుట్టూ చేరారు. ఆయన రెండు గంటలు ముందు కూర్చుని రేపటి ప్రశ్నలు రాసుకునేవారు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, ఇప్పటికీ ఆయనకి ఫోన్ చేస్తుంది.

మాస్టారుకి తొంభై దాటింది. చూపు మందగించింది గానీ పెద్ద అక్షరాలు చదువుతారు. నీ ఫైలు ఇంగ్లీషులో రాశావు, మీ ఆయమ్మల్లో ఎంతమంది చదవగలరు? తెలుగులో రాయి. పెద్ద టైపులో ప్రింట్ తీసి బుధవారంలోపు పట్టుకురా. నువ్వు వస్తున్నావని, తప్పులు దిద్దాలని ఆయనకి చెప్పేశాను. నిన్నటి నుంచి ఎర్ర పెన్ను వెతుకుతున్నారు. ఒకటి కొనుక్కురా, లావుగా రాసేది.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ